వెన్న వాసన

గరాజు ముందు వాలులో నురగ కాలవ కట్టి పారుతోంది. డారెల్ రెండో బీరు పీపా కూడా వంచేసి, మూడోదాని మూత విప్పుతున్నాడు.

కొరీన్ వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. ఆపమని అరుద్దామని నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. సోమవారం మార్కుల కాగితం వచ్చిన దగ్గర్నుంచీ ఆమె చేస్తున్న పని అదొక్కటే.

ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. తీసేస్తానంటే మొగుడు డారెల్ తియ్యనివ్వలేదు. యాభైకి ఇరవై ఒకటి. చలికాలమంతా కంటికి రెప్పలా చూసుకున్న లేత రంగు బీరుకి పోటీలో దక్కిన తీర్పు మూడు ముక్కలు: "వెన్న వాసన వస్తోంది. శుభ్రత చూసుకోండి. పాల్గొన్నందుకు అభినందనలు." రంగు గురించి రాయాల్సిన చోట 'బాగుంది' అనీ, రుచి గురించి రాయాల్సిన చోట 'పరవాలేదు' అనీ ఉంది. మిగతా గళ్ళు ఖాళీ. బీరుకి వెన్న వాసన పట్టిందంటే దాన్ని పులియబెట్టే ఈస్టో, గొట్టాలో చెడ్డాయనే అర్థం. అడుగున సంతకం నార్బర్ట్ స్టీఫెల్‌ది. అంటే కొరీన్ నాన్నది.

పోటీకి వచ్చే సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. ఆ ఇరవై ఒకటి వేసింది సొంత అల్లుడికేనని పెద్దమనిషికి ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడం ఆయన అదృష్టం. తెలిసి నోరు మూసుకోవడం కూతురి ఖర్మ.

రోడ్డు మీద వెళ్తున్న బండి ఆగింది. క్లబ్బు తరఫున పోటీలు నడిపే లోవెల్ దిగాడు. చర్చి నుంచి తిన్నగా వస్తున్నట్టున్నాడు, టై ఇంకా మెడలోనే ఉంది.

"ఏంటయ్యా ఇది, వీధికంతా విందా?"

"పాడైపోయిన సరుకులే. బూట్లు తడుపుకోకు."

"ఎవడన్నాడు పాడైందని?"

"మీ పెద్ద జడ్జిగారే రాసిచ్చారు. ఆయన ముక్కుని కాదనే మొనగాడు ఈ షెబోయ్‌గన్ ఊళ్ళో ఉన్నాడా?"

క్లబ్బులో నార్బర్ట్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. 'ముక్కు' అంటే చాలు, ఆయనే. గ్లాసు అవతల పెట్టినా ఏ నీళ్ళతో కాచారో చెప్పేస్తాడని పాతవాళ్ళు కొత్తవాళ్ళకి కథలు చెబుతారు.

లోవెల్ గరాజులోకి వెళ్ళి గ్లాసు తెచ్చుకున్నాడు. మూడో పీపాలోంచి సగం పట్టాడు. వాసన చూశాడు. గుటక వేశాడు. మళ్ళీ వాసన చూసి, ఈసారి మొత్తం తాగేశాడు.

"ఇందులో వెన్నెక్కడుంది?"

"ఏమో. నాకూ తెలీలేదు. అందుకే ముక్కున్నవాళ్ళ మాట విన్నా."

"నీ మొహం! ఇంత శుభ్రమైన బీరు నేను జన్మలో కాయలేదు. కాసుంటే ఊరంతా టముకు వేసుకునేవాణ్ణి. ఎంత పారబోశావ్?"

డారెల్ ఖాళీ పీపాల వైపు చూశాడు. చేతిలో మూత అలాగే ఉంది.

"మరి మావయ్య ఎందుకలా రాశాడు?"

లోవెల్ టై వదులు చేసుకున్నాడు. "ఆ రోజు సీసాలు ఎక్కువ, జడ్జీలు తక్కువ. పొద్దుట్నుంచీ తాగీ తాగీ ఎవరికైనా నాలుక మొద్దుబారుతుంది. ఆయన పక్కన కూర్చున్నావిడ కొత్తగా బీరు జడ్జీల పరీక్ష పాసైంది. పెద్దాయన ఏదంటే అదే రాసుంటుంది."

"చలికాలమంతా చేసిన పని నాది. ఇంకో నాలుగు ముక్కలు రాస్తే వాళ్ళ చెయ్యి పడిపోతుందా?"

"శనివారం పెద్ద పోటీలో నీ సీసాలు ఎలాగూ ఉన్నాయిగా. అక్కడ తేలుతుందిలే." లోవెల్‌కి అక్కడ నిలబడటం ఇబ్బందిగా ఉంది. బండి ఎక్కుతూ కిటికీ వైపు కేకేశాడు. "కొరీన్! శనివారం మీ నాన్నని నువ్వే తీసుకురావాలమ్మా. లేత బీర్ల బల్లకి ఆయనే పెద్ద!"

కొరీన్ చెయ్యి ఊపింది. అది సరేననో, వెళ్ళిరమ్మనో తనకే తెలియదు.

కాసేపటికి డారెల్ లోపలికి వచ్చాడు. ఒక చేతిలో మూత బిగించిన గోధుమరంగు సీసా, ఇంకో చేతిలో ఊరగాయలు పెట్టుకునే గాజు జాడీ. రెండిట్లోనూ బీరే. సీసా ఫ్రిజ్‌లో పెట్టాడు. జాడీని తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద, ఎండ నేరుగా పడేచోట పెట్టాడు.

"అదేంటి, ఎండలో పెడుతున్నావ్?"

"ఉండనీ. ముట్టుకోకు."

"పాడైపోతుంది డారెల్."

"అబ్బో, పాడవడం గురించి నీకు కూడా తెలుసన్నమాట!" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సోమవారం నిన్ను అడిగాను. గ్లాసు చేతికిచ్చి మరీ అడిగాను. వెన్న వాసన వస్తోందా అని. ఏమన్నావ్?"

కొరీన్ సాసేజీల కింద మంట తగ్గించింది.

"నిన్నే. ఏమన్నావ్?"

"నాన్న కంటే నాకేం తెలుసన్నాను."

"ఆ మాట పట్టుకునే మంగళవారం నా ఈస్టు పారబోశాను. గొట్టాలు పారేశాను. అయిదేళ్ళ నుంచి బతికించుకుంటూ వచ్చిన ఈస్టు, కొరీన్! బజార్లో దొరికేది కాదు. ఒక కాపులోంచి ఇంకో కాపుకి, పెరుగుకి తోడు దాచినట్టు దాచుకున్నాను. పోయింది. శనివారం పోటీకి ఇచ్చిన సీసాలే దాని ఆఖరి కాపు."

"పారబోసేముందు నన్ను అడగాల్సింది."

"అడిగితే ఏం చెప్పేదానివి?"

కొరీన్‌కి జవాబు తెలుసు. ఆ జవాబు చెప్పలేకే రెండేళ్ళుగా కుమిలిపోతోంది.

రెండేళ్ళ క్రితం చలికాలంలో నార్బర్ట్‌కి జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె తలుపు తీసేసరికి ఇల్లంతా పొగ. పొయ్యి మీద సూపు మాడి, గిన్నె నల్లగా అయిపోయింది. ఆయన పక్క గదిలో నింపాదిగా పేపరు చదువుకుంటున్నాడు. ఆమె పరుగున వెళ్ళి కిటికీలు తెరిస్తే, "ఈ చలిలో అవెందుకే?" అని విసుక్కున్నాడు. కొరీన్ గిన్నె తోమి బోర్లించింది. ఆయన ఏమీ చెప్పలేదు, ఆమె ఏమీ అడగలేదు. ఆ ముక్కుకి ఇక ఏ వాసనా తెలియదని ఇద్దరికీ తెలుసు. తెలుసన్న సంగతి మాత్రం ఒకరికొకరు తెలియనివ్వలేదు.

అయినా పోటీలకి ఆమే తీసుకెళ్ళింది. అమ్మ పోయాక ఆయన గడ్డం గీసుకునేది పోటీ ఉన్న రోజునే. బల్ల దగ్గర నలుగురు లేచి కుర్చీ జరిపితే, ఆయన నడుము కొంచెం నిటారుగా అవుతుంది. అది చూసి కొరీన్ సంతోషపడేది. అక్కడ ఎవరి బీరు ఏమైపోతోందో ఆలోచించలేదు. తన ఇంటి గరాజుకి వచ్చేదాకా ఎవరు మాత్రం ఆలోచిస్తారు?

డారెల్ రోజంతా ఇతరుల ఇళ్ళల్లో బాయిలర్లు బాగుచేసే మనిషి. ఇది నాది అని చెప్పుకోవడానికి ఆ గరాజు తప్ప ఏమీ లేదు. ఆ సంగతీ ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం?

"నాన్నతో గొడవ పెట్టుకోకు," అంది చివరికి.

"గొడవెందుకు? మర్యాదగా రెండు గ్లాసులు పోస్తాను. మాట్లాడేది ఆయనే."

ఒంటిగంటకి నార్బర్ట్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. లోపలికి అడుగు పెడుతూనే గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఆహా! ఉల్లిపాయలు, సాసేజీలు. వీధి మలుపులోనే పట్టేశాను."

ఆదివారమైతే కూతురు చేసేది అదేనని ముప్ఫై ఇళ్ళ అవతలివాళ్ళకీ తెలుసు. కొరీన్ కోటు అందుకుంది.

భోజనాల దగ్గర ఆయనే మాట్లాడాడు. ఐసు కరిగి సరస్సు మీద పడవలు కదిలాయన్నాడు. చర్చిలో కొత్త పాస్టరు గొణుగుతాడన్నాడు. డారెల్ ఊ కొడుతూ బంగాళాదుంప సలాడ్ కెలికాడు. తినలేదు.

"ఏం అల్లుడూ, ఈసారి పోటీకి నువ్వేం ఇచ్చినట్టు లేదు?"

"ఇచ్చాను మావయ్యా."

"మరి చెప్పవేం? రిబ్బను వచ్చిందా?"

"మీ బల్ల మీద ఎలా నడిచింది?" డారెల్ మాట మార్చాడు.

"మా బల్లా? దాని సంగతి అడక్కు." నార్బర్ట్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈ కాలం వాళ్ళకి గిన్నె కడుక్కోవడం రాదయ్యా. ఒక మహానుభావుడైతే బీరనుకుని వెన్న చిలుక్కొచ్చాడు. రొట్టె ఉంటే రాసుకు తినేవాణ్ణి!"

ఆయన నవ్వాడు. డారెల్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి కొరీన్ ఫోర్కు కింద పెట్టేసింది.

"ఎవరో పాపం," అన్నాడు డారెల్. "ఇంకాస్త వివరంగా రాసుండాల్సింది మీరు. వాడు నేర్చుకునేవాడు."

"రాసి ఏం లాభం? చదివేదెవరు?"

డారెల్ లేచాడు. ఫ్రిజ్‌లోంచి సీసా తీశాడు, కిటికీ గట్టు మీద జాడీ తీశాడు. ఇటు వీపు పెట్టి రెండు గ్లాసుల్లో పోసుకుని వచ్చి మామగారి ముందు పెట్టాడు.

"చిన్న సరదా మావయ్యా. ఇందులో ఒకటి మొదటి బహుమతి వచ్చిన బీరు, లోవెల్ ఇచ్చాడు. ఒకటి నాది. ఏది ఏదో మీరే చెప్పాలి."

గ్లాసులు బల్ల మీద పెట్టగానే కంపు కొరీన్ మొహానికి తగిలింది. బెదిరితే కంపు చిమ్మే స్కంక్ అనే జంతువుని హైవే మీద లారీ తొక్కేస్తే వచ్చే కంపు. ఎండ తగిలిన బీరుకి ఆ కంపు పట్టుకుంటుంది. ఆ సంగతి ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆమె గబుక్కున చెయ్యి చాపింది.

"ముందు భోంచెయ్యండి నాన్నా. చల్లారిపోతోంది."

"కూర్చో కొరీన్," అన్నాడు డారెల్.

"ఉండవే. అల్లుడు ముచ్చటపడుతుంటే!"

నార్బర్ట్ కంపు కొట్టే గ్లాసు తీశాడు. కాడ పట్టుకుని తిప్పాడు. పైన అరచెయ్యి మూసి, ఒక్క క్షణం ఆగి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, ఎక్కడా తొణకలేదు. కళ్ళెత్తి ముందు అల్లుణ్ణి చూశాడు, తర్వాత కూతుర్ని చూశాడు.

కొరీన్ మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ముక్కు చిట్లించలేదు, ఊపిరి బిగబట్టింది. నాన్న పరువు పోకూడదని అలా బొమ్మలా కూర్చుంది.

ఆయన గుటక వేసి తల పంకించాడు. "ఇదీ బీరంటే! శుభ్రమైన వాసన. అప్పుడే కోసిన గడ్డిలా ఉంది." రెండో గ్లాసు తీసి, ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని కింద పెట్టేశాడు. "ఇది నీది. ఏమనుకోకు అల్లుడూ. కొంచెం వెన్న తగులుతోంది."

డారెల్ నవ్వుతూ బల్ల మీద గట్టిగా చరిచాడు. "రెండూ నావే మావయ్యా! రెండూ ఒకే పీపాలోవి! ఒకటి ఫ్రిజ్‌లో ఉంది, ఒకటి పొద్దున్నించీ ఎండలో ఉడికింది. మీరు గడ్డి గడ్డి అన్నది స్కంక్ కంపు! ఈ గదిలో కూర్చోలేకపోతున్నాం, మీరేమో..."

మాట సగంలో ఆగిపోయింది. నవ్వు కూడా ఆగిపోయింది. అతను నార్బర్ట్‌ని చూశాడు. ఆయన గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. పోగొట్టుకున్న తాళంచెవి కోసం జేబులో వెతుక్కుంటున్నట్టు మళ్ళీ మళ్ళీ పీలుస్తున్నాడు.

"మీకు వాసన తెలీదు," అన్నాడు డారెల్ నెమ్మదిగా.

కొరీన్ కంచంలోకి చూస్తూ కూర్చుంది. డారెల్ ఆమె వైపు తిరిగాడు.

"నీకు తెలుసు."

"డారెల్..."

"నీకు తెలుసు! నేను గరాజులో మోకాళ్ళ మీద కూర్చుని గొట్టాలు ఊడదీస్తుంటే తువ్వాలు తెచ్చిచ్చావ్. ఈస్టు పారబోస్తుంటే పక్కన నిలబడ్డావ్. అప్పుడూ తెలుసు!"

"ఏమని చెప్పమంటావ్? మా నాన్న..."

"'బీరు బాగుంది డారెల్.' ఈ ఒక్క ముక్క చెప్పమంటాను. మీ నాన్న పేరు ఎత్తక్కర్లేదుగా! నువ్వు తాగావ్, నీకు ముక్కుంది. బాగుందని ఒక్క మాట అనడానికి నీ సొమ్మేం పోయింది?"

మామా అల్లుళ్ళలో ఎవర్ని కాపాడాలా అని వారమంతా కొట్టుమిట్టాడింది గాని, ఇంత చిన్న దారి ఉందని ఆమెకు తోచనేలేదు.

డారెల్ ఫ్రిజ్ మీద కాగితం లాగి నార్బర్ట్ కంచం పక్కన పెట్టాడు. "మీరన్న మహానుభావుణ్ణి నేనే మావయ్యా. రొట్టె కావాలా?"

తలుపు దడాలున వేసి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి వాకిట్లో నీళ్ళ గొట్టం చప్పుడు వినిపించింది.

నార్బర్ట్ కళ్ళజోడు తీసి తుడుచుకుని తన రాత తనే చదువుకున్నాడు. మూడు ముక్కలేగా, ఎక్కువసేపు పట్టలేదు. అయినా చాలాసేపు చూశాడు.

"ఆవిడ నా మొహం చూసింది," అన్నాడు చివరికి. "ఆ కొత్తావిడ. నేను ఆవిడ మొహం చూశాను. కొంచెం వెన్నలా ఉందా అని భయపడుతూ అడిగింది. అవునన్నాను. నేను అవునన్నానని ఆవిడ రాసింది. ఆవిడ రాసిందని నేను రాశాను."

"నాన్నా..."

"నీకెప్పుడు తెలిసింది?"

"సూపు మాడిన రోజు."

"రెండేళ్ళు!" ఆయన గొంతు పెరిగింది. "రెండేళ్ళ నుంచీ తెలిసి, బండిలో కూర్చోబెట్టుకుని మరీ తీసుకెళ్ళావా? అప్పుడే చెప్తే మానేసేవాణ్ణిగా!"

"మానేసి ఏం చేసేవాళ్ళు?"

"ఏదో ఏడ్చేవాణ్ణి! నా ఏడుపు నేను ఏడ్చేవాణ్ణి. ఇలా పదిమందినీ ఏడిపించేవాణ్ణి కాదు." గ్లాసు దూరంగా తోశాడు. "ఇందాక కూడా నీ మొహమే చూశానే. ముక్కు కాస్త చిట్లిస్తే చాలు, నాకు తెలిసిపోయేది. రాయిలా కూర్చున్నావ్. ఎవరి కోసం కూర్చున్నావ్ అలా?"

మీ కోసమే అందామనుకుంది. ఇప్పుడు ఆ మాట ఎవరు నమ్ముతారు? తనకే నమ్మకం లేదు.

ఆమె లేచి కంచాలు తీసింది. ఫ్రిజ్‌లోని సీసా నుంచి పోసిన గ్లాసు అలాగే నిండుగా ఉంది. సింకు దగ్గర నిలబడి ఒక గుక్క తాగింది. బాగుంది. అంత బాగున్నందుకు ఏడుపొచ్చింది.

"శనివారం మీరు రారని లోవెల్‌కి చెప్పేస్తాను నాన్నా. ఒంట్లో బాలేదందాం."

"వద్దు."

ఆమె వెనక్కి తిరిగింది. నార్బర్ట్ చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని, నడుము నిటారుగానే ఉంది.

"ఒక్కసారి వెళ్తాను. ఒక్కసారే. నువ్వు నా పక్కన కూర్చో. జడ్జీలు చాలడం లేదని లోవెల్ గోలపెడుతున్నాడు, ఎవర్ని కూర్చోబెట్టినా కాదనడు. నువ్వు వాసన చూడు, నేను రాస్తాను. మొహం మాత్రం దాచుకోకు."

"పోటీకి ఇచ్చినవాళ్ళతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు ఆ బల్ల దగ్గరికి రాకూడదు నాన్నా. ఆ బల్ల మీద డారెల్ సీసాలుంటాయి."

"ఉంటాయనే అనుకున్నా. అందుకే అడుగుతున్నా."

కొరీన్ గ్లాసు సింకులో పెట్టింది. తను వెళ్తే అది దొంగ తీర్పు. వెళ్ళకపోతే ఈయన మళ్ళీ ఎవరి మొహమో చూసి ఏదో ఒకటి రాస్తాడు. ఆ ఆఖరి కాపు కూడా దాంతో సరి. ఎటు చూసినా డారెల్ బీరుని బీరుగా తాగేవాడు ఆ బల్ల దగ్గర కనపడలేదు.

ఆయన కోటు తొడుక్కున్నాడు. ఒక చెయ్యి దూరక తంటాలు పడుతుంటే ఆమె వెళ్ళి సాయం పట్టింది.

"ఏడింటికల్లా వచ్చెయ్," అన్నాడు బొత్తాలు పెట్టుకుంటూ. "సెంటు రాసుకోకు. తలకి షాంపూ కూడా వద్దు."

వాకిట్లో నీళ్ళ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. డారెల్ తడి బూట్లతో గుమ్మంలో ఉన్నాడు. సెంటు, షాంపూ వద్దనేది బల్ల దగ్గర వాసన చూసే జడ్జీలకేనని క్లబ్బులో వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

"దీన్ని ఎక్కడికి రమ్మంటున్నారు మావయ్యా?" అన్నాడు.

అడిగింది మామగారినే. చూస్తున్నది మాత్రం కొరీన్ మొహంలోకి.